వెనక గడప మీద ఎండ

మా అత్తమ్మ పోయింది. పక్కింటి అక్క ఫోన్ చేసేసరికి నేను జనగామలో బస్సు దిగి ఆఫీసు మెట్లెక్కుతున్నాను. "అత్తమ్మ వెనక కడపకాడ ఒరిగి ఉన్నదే. ఎంత పిలిచినా పలుకుతలేదు. డాక్టరొచ్చి సూసిండు, లేదన్నడు. నువ్వు జల్ది రా" అంది. ఏడుంబావుకు ఆమెను చూసే బయల్దేరాను. "పోయొస్త అత్తమ్మా" అంటే తలెత్తలేదు, చెయ్యి మాత్రం ఊపింది. నా మీద అలిగి కాదు. బోర్లించిన చేట మీద అనపకాయలు పేర్చుకుని, మంచు విడిచి ఎండ ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. ఫొటో తీసే ముందు ఆమెకు కోడలూ కనపడదు, కొడుకూ కనపడడు.

మా అత్తమ్మ ఫొటోలు తీసేది. దేవరుప్పులలో మా ఇంటి వెనక గడప దగ్గర, నేను వాడి వదిలేసిన ఫోనుతో, ఆరేళ్ల పాటు తీసింది. మనుషుల ఫొటోలు కావు. వంకాయలు, ఎండుమిరపకాయలు, సొట్టపడ్డ చెంబు, బంతిపూలు, మామయ్య చెప్పులు, చింతపండు గింజలు. ఇప్పుడు చెప్తుంటే గొప్పగా ఉంది కానీ, మొదట్లో నేను దీన్ని ఎట్లా చూశానో చెప్పకుండా దాటవేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే.

ఆ ఫోను ఇచ్చింది ఫొటోల కోసం కాదు. మా ఆడబిడ్డ భూపాలపల్లిలో ఉంటుంది, ఆమె భర్తది బొగ్గుబాయిలో ఉద్యోగం. తల్లీకూతుళ్లు మొహాలు చూసుకుని మాట్లాడుకుంటారని నా పాత ఫోను ఇచ్చాను. అత్తమ్మ ఫోను పట్టుకుంటే అవతల కూతురికి మా ఇంటి దూలాలు తప్ప ఏమీ కనపడేవి కావు. "అమ్మా, జర కిందికి వట్టుకో" అని అది మొత్తుకునేది. ఈమెకేమో అక్షరం రాదు, మీటలు తెలియవు, కెమెరా బొమ్మ ఒక్కటి ఎట్లా గుర్తుపట్టిందో గుర్తుపట్టింది.

మామయ్య చనిపోయిన రెండు నెలలకు అనుకుంటాను, "బిడ్డా, గీ ఫోన్ ఆగాగి నడుస్తున్నది, ఏమైందో సూడు" అని తెచ్చిచ్చింది. తెరిచి చూస్తే నాలుగైదు వందల ఫొటోలు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ఉల్లిగడ్డ, మళ్లీ ఉల్లిగడ్డ, రోకలి, గ్లాసు, ఎంగిలి పళ్లెం, మెంతికూర కట్ట. వేలు తగిలి పడ్డాయి కాబోలు అనుకున్నాను. మనిషి లేని ఫొటో ఫొటో ఎట్లా అవుతుంది అన్నది అప్పటి నా తెలివి. అన్నీ ఎంచి తీసేశాను. తీసేసినవి ఎక్కడో దాక్కుంటాయని తెలుసు కనుక అక్కడికీ వెళ్లి ఊడ్చేశాను. ఏ పనైనా పట్టుకుంటే పూర్తిగా చేస్తానని నాకు మహా గొప్ప.

"సాఫ్ చేసిన అత్తమ్మా, ఇగ మంచిగ నడుస్తది" అని ఇచ్చాను.

ఆమె ఫోను తీసుకుని వేలితో అటూ ఇటూ తోసి చూసుకుంది. "అన్నీ పోయినయా?" అంది.

"ఒక్కటి గూడ లేదు" అన్నాను, నవ్వుతూ.

"మంచిదే బిడ్డా" అని లేచి వంటింట్లోకి పోయింది. ఆ పూట పప్పులో ఉప్పు లేదు.

మరునాడు పొద్దున స్నానం చేసి వస్తుంటే వెనక గడప ముందు గొంతుకూర్చుని కనిపించింది. గోనెసంచి పరిచి దాని మీద ఒకే ఒక ఉల్లిగడ్డ పెట్టింది. దాన్ని కొంచెం తిప్పుతుంది, చూస్తుంది, మళ్లీ తిప్పుతుంది. ఏందని అడిగితే "ఉల్లిగడ్డ" అంది, నాకు కళ్లు లేవన్నట్టు. ఫొటో తీసి చూపించింది. పైపొర సగం ఊడి ఉంది, ఆ పొరలోంచి ఎండ దూరి ఎర్రగా వెలుగుతోంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో రోజూ ఉల్లిగడ్డలు కోస్తున్నాను. అట్లా ఒక్కరోజూ చూడలేదు. చూస్తూ చూస్తూ ఉండగా, నిన్న నేను ఊడ్చేసినవి ఏమిటో తెలిసివచ్చింది.

ఆ రోజు ఫోను జనగామకు పట్టుకుపోయి రెండు షాపుల్లో చూపించాను. రావన్నారు. సాయంత్రం వచ్చి, "అత్తమ్మా, నేను తెల్వక చేసిన" అని చెప్పాను. నేను నోటి దురుసు మనిషిని, క్షమాపణ అడగడం నాకు చేతకాదు, అంతకంటే రాలేదు. ఆమె మెంతికూర తుంచుతూ, "కూరగాయలు మల్ల కాస్తయి. ఫికర్ చెయ్యకు" అంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆమె పద్ధతి ఒకటుండేది. ఫోను కదిలించేది కాదు. పీట మీద చెంబుకు ఆనించి పెట్టి, ఎదుట ఉన్నదాన్నే జరిపేది. పొద్దున ఎనిమిది లోపు గడప మీద పడే ఏటవాలు ఎండ తప్ప ఇంకో వెలుగు ఒప్పుకునేది కాదు. "నీడను సూడు. నీడ సక్కగుంటె వస్తువు దానంతట అదే వస్తది" అనేది. నున్నగా నిగనిగలాడే కాయలను పక్కన పెట్టి, పురుగు తొలిచిన వంకాయను ఏరుకునేది. మంచివి తీయొచ్చు కదా అంటే, "పురుగు తిన్నదంటె మందు కొట్టలేదన్నట్టు. దానికి సిగ్గెందుకు?" అంది. మనుషులను ఎందుకు తీయవని ఆడబిడ్డ అడిగితే ఆమె చెప్పిన మాట మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. "మనుషులకు మొకం పెట్టుడు తెలుసు. బెండకాయకు తెల్వది."

ఫొటో తీసినదాన్ని ఆ రోజే వండాలి, పువ్వయితే దేవుడికో జడకో పోవాలి. అది దాటరాని నియమం. దాంతో నా బస్సులు ఎన్ని తప్పిపోయాయో. టిఫినుడబ్బా పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి, "అత్తమ్మా, బస్సు పోతది" అని అరిచేదాన్ని. ఆమె అక్కడి నుంచే, "బస్సు ఇంకోటొస్తది. గీ ఎండ రాదు" అనేది. కోపంతో పళ్లు నూరుకుంటూ వెళ్లిన రోజులున్నాయి. సాయంత్రం ఆ ఫొటో చూశాక పొద్దుటి కోపం ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండేది కాదు.

ఆమె పుట్టింది గంగారం దగ్గర, అడవి అంచు పల్లెలో. చిన్నప్పుడు మోదుగాకులు ఏరి విస్తర్లు కుట్టేదట. ఆకును వెలుగుకు ఎత్తి చిల్లులున్నాయేమో చూడడం అక్కడే అలవాటైందని ఒకసారి చెప్పింది. భూపాలపల్లికి నాలుగు రోజులు పోతే, డ్యూటీ దిగి వచ్చిన అల్లుడి హెల్మెటూ టిఫినుడబ్బా బొగ్గుమసితోనే ఉంచమని, కడగబోయిన కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది. పక్కన రెండు మల్లెమొగ్గలు పెట్టి తీసింది. ఆ ఫొటోను అల్లుడు తన ఫోనులోకి పంపించుకున్నాడని ఆడబిడ్డ చెప్పింది. నేనొకసారి పన్నెండు ఫొటోలు జనగామ స్టూడియోలో కడిగించాను. స్టూడియో అతను ఒక్కొక్కటీ తిరగేసి, "మేడం, మనుషులేరి?" అన్నాడు. ఒకప్పటి నేనే ఎదురుగా నిలబడి అడిగినట్టనిపించింది.

ఇక అసలు సంగతి. ఏటా మామయ్య సంవత్సరికం నాడు పొద్దున్నే అత్తమ్మ ఒక పని చేసేది. ఆయన తినే పాత పళ్లెంలో రెండు జొన్నరొట్టెలు, పప్పు, ఉల్లిగడ్డ ముక్క పెట్టి, రొట్టెను సగం చింపి ఫొటో తీసేది. చూసుకునేది. తీసేసేది. ఇంకో రొట్టె చింపేది. రెండేళ్లు చూసి ఊరుకున్నాను. మూడో ఏడు పక్కన కూర్చుని అడిగాను.

"మీ మామను దవాఖానకు తీస్కపోయిన్నాడు తినుకుంట తినుకుంట సగంల లేచిండు కదా" అంది. "తెల్లారి ఆయినను ఇంటికి తెచ్చినప్పుడు, ఆ పళ్లెం గిక్కడ్నే ఉండె. అందరు ముంగట ఏడుస్తున్నరు. ఇల్లు కడిగితె ఇది గూడ కడుగుతరని, ఎవ్వలు సూడకుంట ఫొటో తీసిన. రొట్టెల ఆయిన వేళ్లు వడ్డ జాగ గూడ కనవడేది. నేను చింపితె సక్కగ వస్తది. ఆయిన చింపుడు వేరు, వంకరగ, బొటనేలు లోపటికి వెట్టి."

"ఆ ఫొటో ఏది అత్తమ్మా?" అని అడిగాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది. ఎంగిలి పళ్లెం. ఉల్లిగడ్డకూ మెంతికూర కట్టకూ నడుమ.

ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నీకేం ఎరుక బిడ్డా. నేను చెప్పకపోతి" అంది. మా ఆయనకు చెప్పొద్దని కూడా అంది. నేను చెప్పలేదు. ఆమె మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే తేలికయ్యేదాన్నేమో. ఆ తర్వాత ఆమె ఫోనులో ఏదీ తీసేయనని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను.

అందుకే ఆ రోజు జనగామ నుంచి వచ్చి, ముందు వాకిట్లో పడుకోబెట్టిన అత్తమ్మ కాళ్ల మీద పడి ఏడ్చి, లేచి నేరుగా వెనక్కి పోయాను. చేట అట్లాగే ఉంది. కాయలు ఒక పక్క, ఒలిచిన గింజలు ఒక పక్క, నడుమ బొటనవేలితో విచ్చదీసి వదిలేసిన కాయ ఒకటి. అందులో మూడు గింజలు ఉన్నాయి. చెంబుకు ఆనించిన ఫోను తీసి చూశాను. చివరి ఫొటో నిన్నటి బంతిపువ్వు. ఈ పొద్దుటిది ఆమె తీయలేదు. మంచు ఆలస్యంగా విడిచింది. నేను వచ్చేసరికి గడప మీద ఎండ దాటిపోయింది.

పక్కింటి అక్క చేట ఎత్తబోతే, "ముట్టకు" అన్నాను. నా గొంతుకు ఆమె జడుసుకుంది.

మధ్యాహ్నానికి ఆడబిడ్డ వచ్చింది. సాయంత్రం అత్తమ్మను తీసుకుపోయాక ఆడవాళ్లం ఇల్లు కడగాలి. ఆడబిడ్డ బిందె పట్టుకుని వెనక్కి వచ్చి, "వదినా, గిది తియ్యి. కడగకుంట ఎట్లుంచుతం?" అంది. అప్పుడు చెప్పాను. మామయ్య పళ్లెం సంగతి, నేను చేసిన పని, అన్నీ. దాని తండ్రి చివరి ముద్దల గుర్తు నేను తుడిచేశానని దానికే చెప్తున్నాను. అది ఏమన్నా పడదామనుకున్నాను.

అది వంగి, చేట చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుంటూ, చుక్క పడకుండా గడపంతా కడిగింది. చేట కింద నేల పొడిగానే ఉంది.

మరునాడు కూడా మంచే. ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఏడున్నర దాటాక ఎండ మెల్లగా చేట అంచు ఎక్కింది. ఫోను పీట మీద ఆమె పెట్టినట్టే పెట్టి నొక్కాను. జాగా లేదు, ఏదైనా తీసేయమని ఫోను చూపించింది. ఆమె తీసినదాన్ని ఒక్కటీ ముట్టను. ఎండ జరుగుతోంది. పైకి తోసుకుంటూ పోతే, వంకాయలకూ బంతిపూలకూ నడుమ నేను ఆమెకు పంపినవి కనిపించాయి. పెళ్లిళ్లలో కొత్త చీరతో నేను, గుడి ముందు నేను, ఆఫీసులో శాలువాతో నేను. ఒక్కదాన్నీ ఆమె తీసేయలేదు. మొకం పెట్టుడు తెలిసిన మనిషి ఫొటోలు యాభై దాకా ఉన్నాయి. నావన్నీ తీసేశాను. జాగా అయింది. విచ్చిన కాయలోని మూడు గింజల మీదికి ఎండ వచ్చినప్పుడు నొక్కాను.

నియమం ప్రకారం ఆ రోజే వండాలి. కానీ మా ఇంట్లో పొయ్యి అంటించకూడదు. మిగిలిన కాయలు ఇద్దరం కూర్చుని ఒలిచాం. పొయ్యి అంటించిన రోజు పొద్దున ఆ గింజలే వండి, రొట్టెలు చేశాను. మా ఆయన అన్నం మనిషి, రొట్టె ముట్టడు. ఆ రోజు అమ్మ ఒలిచిన గింజలని, వెనక గడప దగ్గర కూర్చుని తిన్నాడు. రెండు ముద్దలు తిని, కళ్లు తుడుచుకుంటూ లేచి పోయాడు.

పళ్లెం తీయడానికి వంగాను. రొట్టె సగం చిరిగి ఉంది, వంకరగా, బొటనవేలు లోపలికి పెట్టి చింపినట్టు. గడప మీద ఎండ ఇంకా అరచెయ్యంత ఉంది.