ఖదీర్ సార్ పెట్టిన ఖాళీ గడి

నిన్న సాయంత్రం ఫ్యాక్టరీలున్న జిన్నారం వైపు నుంచి గాలి తిరిగింది. రసాయనాల ఘాటు గుప్పుమనగానే మా వీధిలో అందరూ కిటికీలు మూసుకున్నారు. నాకు మాత్రం ఖదీర్ సార్ గుర్తొచ్చారు. ఏళ్ల తరబడి మందుల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చినా ఆ వాసన ఆయనను వదిలేది కాదు. మొదటిరోజు నాకు ఆ వాసనా నచ్చలేదు, ఆయనా నచ్చలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను పటాన్‌చెరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. షిఫ్టుల్లో పనిచేస్తూ చదువుకునేవాళ్ల కోసం పాఠాలు ఇంటర్నెట్లో పెట్టాలని యాజమాన్యం అనుకుంది. పాఠాలు తయారుచేసే పని నాది, పైనుంచి చూసుకునే పని ఖదీర్ సార్‌ది. ఫ్యాక్టరీలో ఏ పని తర్వాత ఏది చేయాలో ఆపరేటర్లకు వరుసగా రాసిచ్చే కాగితాన్ని బ్యాచ్ షీట్ అంటారు. అవి రాసిన మనిషికి కాలేజీలో ఏం పని? మా మీద నిఘాకే తెచ్చారని నా గట్టి అనుమానం. పాలప్యాకెట్ మీద తేదీని కూడా నమ్మవని మా అమ్మ నన్ను తిట్టేది.

నా పాఠాలూ నాలాగే ఉండేవి. ప్రతి పేజీ మూలన గడియారం తిరుగుతుంటుంది. ఇరవై నిమిషాలకు పేజీ మూసుకుపోతుంది. దాటిన పేజీకి వెనక్కి రాలేరు. ముఖ్యమైన మాటలు మెరుస్తుంటాయి. ఇంత చేస్తే ఎవడు కాపీ కొడతాడో చూస్తానని మురిసిపోయాను.

సార్ మాత్రం కంప్యూటర్ ల్యాబ్‌లో ఒకమ్మాయి వెనక కూర్చుని రోజూ ఏదో రాసుకునేవారు. ఆ అమ్మాయి రజిత, కర్దనూర్ నుంచి వచ్చేది. మనిషి ముఖంలోకి చూడదు, ప్రశ్న వేస్తే బిగుసుకుపోతుంది. ఇప్పుడైతే ఆటిజమనో మరొకటనో పేర్లున్నాయి. అప్పుడు మాకు తెలిసిన పేరు మొద్దు. నా పేపర్ అప్పటికే రెండుసార్లు తప్పింది. ఇంకోసారి తప్పితే చదువు మాన్పించి ప్యాకింగ్ పనిలో పెడతామని ఇంట్లో చెప్పేశారు.

ఒకరోజు సార్ నన్ను పిలిచారు. “మేడం, గీ గడియారం ఎందుకు పెట్టిన్రు?”

“కాపీ కొట్టకుండా సార్.”

“ఆ పిల్ల పాఠం సూస్తలేదు, గడియారమే సూస్తుంది. అక్షరాలు మెరిస్తే పరేషాన్ అయితుంది. జెర నాకొక్క పాఠం ఇయ్యుండ్రి.”

ఆ పాఠాన్ని ఆయన బ్యాచ్ షీట్‌లా మార్చేశారు. తెరకు ఒక్క పని. ఎన్ని అయ్యాయో, ఎన్ని మిగిలాయో పైన కనిపిస్తుంది. గడియారం లేదు, మెరుపులు లేవు, వెనక్కి రావచ్చు. ప్రతి తెర కింద ఒక ఖాళీ గడి, దాని పక్కన ‘ఎందుకు ఆగినవ్?’ అన్న ప్రశ్న. ఫ్యాక్టరీలో ఆపరేటర్ పని ఆపితే కారణం రాస్తాడట. దానికి జవాబు చెప్పాల్సింది షీట్ రాసినవాడేనట. నేను లోలోపల నవ్వుకున్నాను.

రెండు నెలల్లో పాఠాలన్నీ అలాగే మారాయి. ఆ తర్వాతి పరీక్షలో రజితకు యాభైకి నలభై ఆరు. నాకు ఒళ్లు మండింది. సారే జవాబులు చెప్పారని ఫిర్యాదు చేయడానికి నేరుగా ప్రిన్సిపల్ గదికి వెళ్లాను. ఆయన రజితనూ ఖదీర్ సార్‌నూ పిలిపించారు. నేను రజితను నిలబెట్టి ప్రశ్నలడిగాను. ఆ పిల్ల చున్నీ అంచు వేళ్లకు చుట్టుకుంటూ గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

“చూశారా సార్!” అన్నాను ప్రిన్సిపల్‌తో, గెలిచినట్టు.

ప్రిన్సిపల్ మార్కులు రద్దు చేస్తానన్నారు. ఖదీర్ సార్ గొంతు పెంచలేదు. “నోటితోని అడగకుండ్రి. మేడమ్‌నే కొత్త షీట్ రాయనియ్యుండ్రి. నేను ముట్ట. ఆ పిల్ల చేసి సూపిస్తది.”

సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలుచన చేసే పాఠం అప్పటికప్పుడు నేనే టైపు చేశాను. పట్టుకోవాలన్న తొందరలో రెండోసారి చదవను కూడా లేదు. రజిత నాలుగు తెరలు గబగబా దాటింది. ఐదో తెర దగ్గర ఆగింది. ఐదు నిమిషాలు గడిచినా కదల్లేదు. దొరికిపోయిందనుకున్నాను. అప్పుడు కింది గడిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు ఒక్కొక్కటే పడ్డాయి.

‘యాసిడ్ల నీళ్లు పోస్తే మీదికి చిమ్ముతది. నీళ్లల్ల యాసిడ్ పొయ్యాలె. మా నాయిన చెయ్యి గట్లనే కాలింది. గందుకే ఆగిన.’

ఐదో తెర మళ్లీ చదివాను. ఆమ్లంలో నీళ్లు పోయమని రాసింది నేనే, కెమిస్ట్రీ పాఠాలు చెప్పే నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్కులు నిలిచాయి. ఖదీర్ సార్ ఆ తెరను కాగితం మీద తీయించి నా ముందు పెట్టారు. “రాసినోళ్ల సంతకం గిక్కడ, మేడం. ఫ్యాక్టరీల గిదే పద్ధతి.” ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. రజిత చూస్తుండగానే సంతకం పెట్టాను.

రజిత డిగ్రీ పూర్తి చేసింది. సార్ ఇప్పుడు లేరు. నేను ఇంకా ఇంటర్నెట్ పాఠాలే తయారుచేస్తున్నాను, రకరకాల పిల్లలకు. అనుమానం నన్ను వదల్లేదు. కాకపోతే ఎవరైనా సగంలో ఆగిపోతే ముందు నేను రాసినదాన్నే అనుమానిస్తాను, చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. అలా దొరికిన ప్రతి తప్పు కిందా సంతకం పెడుతూ వచ్చాను. ప్రిన్సిపల్ గదిలో ఆ పిల్ల ముందు ‘చూశారా సార్’ అన్నానే, దానికి మాత్రం ఇంతవరకూ పెట్టలేదు.