మట్టం బాబాయి ఆస్పత్రి

ఆ వీధికి ఆస్పత్రి కంటే ముందు ఆస్పత్రి స్టాపు వచ్చింది. బస్సు కండక్టరు "కొత్త ఆస్పత్రి, కొత్త ఆస్పత్రి" అని గొంతు చించుకునేవాడు. చేతికి కట్టు కట్టుకున్నవాళ్లూ, దగ్గే పిల్లల్ని ఎత్తుకున్న తల్లులూ నమ్మి దిగేవారు. దిగి చూస్తే ఒకపక్క ఆరంతస్తుల సిమెంటు స్తంభాలు, వాటి చుట్టూ రేకుల గోడ, ఆ గోడ మీద నవ్వుతున్న డాక్టరమ్మ బొమ్మ. రెండోపక్క మూడు బీరు దుకాణాలు. సీసాల బీరు కాదు, అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే పోసేది. ఆస్పత్రి వస్తే ఊరు ఇటే పెరుగుతుందని పిండిమర తీసేసి ఒకటి, మోటార్లు చుట్టే షెడ్డు తీసేసి ఒకటి, పాత ఇనుప సామాన్ల గిడ్డంగి తీసేసి ఇంకొకటి పెట్టారు. అభివృద్ధి దారిలో ఉందనీ, వచ్చేలోగా కూర్చుని తాగుతూ ఉండమనీ వాళ్ల ఉద్దేశం కాబోలు.

ఆస్పత్రికి నేల వేసినవాడు మట్టం బాబాయి. అసలు పేరు ఆయనకే సరిగా గుర్తులేదు. టైల్స్ మేస్త్రీ. చంకలో రసమట్టం లేనిదే గడప దాటడు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు దాన్ని బల్ల మీద పెట్టి చూస్తాడు. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా మధ్యకి వస్తే గాని తినడానికి కూర్చోడు. చుట్టాలు ఆయన్ని పిలవడం తగ్గించడానికి ఇదొక కారణం.

భార్య చాలా ఏళ్లు ఆయన వెనకే పనికి వెళ్లింది. టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు పూయడం, ఆరేలోగా తుడవడం ఆవిడ వంతు. చివర్లో చెప్పులు విడిచి గది ఈ మూల నుంచి ఆ మూలకి ఒకసారి నడిచేది. నడిచి "ఊఁ" అంటే ఆ గది అయినట్టు. అనకపోతే మేస్త్రీ మళ్లీ ఉలి తీసేవాడు.

అలాంటి మనిషికి రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ముందు సూదిలో దారం కనపడలేదు, తర్వాత మొగుడి మొహం కనపడలేదు. మొదటిదానికే ఎక్కువ బాధపడింది. క్లినిక్కు డాక్టరు చూసి, "ఆపరేషన్ చేయించుకోవాలమ్మా. నాన్చితే ముదిరిపోతాయి. అప్పుడు చూపు వస్తుందని నేను మాటివ్వలేను" అన్నాడు.

ఆవిడ తమ్ముడు బస్సు డ్రైవరు. ఊరికి అటు చివరున్న పాత పెద్దాస్పత్రికి రేపే తీసుకెళ్తానన్నాడు. మట్టం బాబాయి గయ్యిమన్నాడు.

"ఆ కొంపలోనా? అక్కడి నేల చూశావా, ఎంత ఎగుడుదిగుడుగా ఉందో? మీ అక్క కన్ను తెరిస్తే నేను నేల వేసిన గదిలోనే తెరవాలి. కింది అంతస్తంతా కళ్ల వార్డే. నాలుగు నెలలు ఓపిక పట్టు."

ఆవిడ మురిసిపోయి, పాత ఆస్పత్రి ఊసెత్తనివ్వలేదు.

ఆ తర్వాత కట్టేవాళ్లకీ కట్టించేవాళ్లకీ చెడింది. ఒకరోజు పొద్దున్న వెళ్లేసరికి గేటుకి తాళం, లోపల క్రేను కదలడం లేదు. ఆ రోజే ఇంటికెళ్లి చెప్పేస్తే సరిపోయేది. చెబుదామనే వెళ్లాడు కూడా. కానీ చెప్పులు విప్పేలోపే ఆవిడ "ఇవాళ ఏ గది అయింది?" అంది. "ఎక్స్‌రే గది" అనేశాడు.

ఇక చూస్కోండి. పగలంతా ఎదురు వరసలో బీరు దుకాణాలకి నేల వేసేవాడు, సాయంత్రం ఇంటికొచ్చి ఆస్పత్రి కట్టేవాడు. ఆయన నోటి మీద కట్టిన ఆస్పత్రిలో లిఫ్టులు నడిచాయి, మంచాలు దిగాయి, నర్సులు చేరారు. ఒక నర్సుకి పెళ్లి కూడా కుదిరింది. అంత వేగంగా కట్టిన కంట్రాక్టరు లోకంలో లేడు.

ఆ దారిలోనే బస్సు నడుపుతున్న బావమరిది, "బావా, గేటుకి తాళం ఉందిగా?" అని నిలదీశాడు.

"వెనక గేటు ఉంది" అన్నాడు ఈయన.

"అక్కకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"ఒక్క నెల ఆగరా, నీకు పుణ్యముంటుంది."

ఆ నెలలోనే ఒకనాడు ఆవిడ మరిగే నీళ్లు గ్లాసులో పోయబోయి చేతి మీద పోసుకుంది. మొగుడు లబోదిబోమంటుంటే, "చెయ్యికేం కాదులే. ఒక్కసారి నా వార్డు చూపించవయ్యా. కళ్లతో కాకపోతే కాళ్లతో చూసుకుంటాను" అంది.

మట్టం బాబాయికి ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే పాత పిండిమరలో బీరు దుకాణం పెట్టిన గడ్డం అబ్బాయి దగ్గరికి పరుగెత్తి, "బాబూ, ఒక్క పావుగంట ఇది ఆస్పత్రి, నువ్వు కాంపౌండరువి" అన్నాడు.

"సరే బాబాయ్" అన్నాడు అతను. అతనికి అదేమీ కొత్త కాదు. బస్సు దిగినవాళ్లు సగంమంది వచ్చి ఓపీ ఎక్కడని అతన్నే అడిగేవారు. చెప్పి చెప్పి విసుగెత్తి, గల్లాపెట్టె పక్కన దూదీ టించరూ పెట్టుకుని చిన్న చిన్న కట్లు తనే కట్టేస్తున్నాడు.

కాసేపటికి ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి ఎత్తైన స్టీలు పీపాలని తడిమింది.

"ఇవేమిటి?"

"ఆక్సిజన్."

"ఇంత పెద్దవా?"

"పెద్ద ఆస్పత్రి కదే."

పొద్దున్నే ఎవరొచ్చినా కొత్తగా దింపినది రుచి చూపించడం గడ్డం అబ్బాయికి అలవాటు. కాంపౌండరునన్న సంగతి మరిచిపోయి, "రుచి చూడండి పిన్నీ" అని గ్లాసు చేతికిచ్చాడు. మట్టం బాబాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ ఒక గుక్క తాగి, "చేదుగా ఉంది" అంది.

"సిరప్పు" అన్నాడు మొగుడు.

ఆవిడ ఇంకో గుక్క తాగి గ్లాసు ఇచ్చేసింది. తర్వాత చెప్పులు విడిచి నడవడం మొదలుపెట్టింది. సగం దూరం వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ నడిచింది. వంగి టైల్స్ సందులు వేళ్లతో తడిమింది. అప్పుడు గుర్తొచ్చింది మట్టం బాబాయికి. బీరు కాచేచోట రోజూ నేల కడుగుతారు. నీళ్లన్నీ గోడవార కాలవలోకి పోవాలి. అందుకని ఆ నేలకి వాలు ఇచ్చింది తనే. ఎక్కడా మడుగు కట్టకుండా భలే కుదిరిందని వారం రోజులు తనని తాను మెచ్చుకున్నాడు కూడా.

"ఏమయ్యా, నేల వాలుగా ఉంది."

"కడిగితే నీళ్లు పోవాలి కదే" అని నసిగాడు.

"ఆస్పత్రి మంచాలకి చక్రాలుంటాయి. ఇక్కడ పడుకోబెట్టిన రోగి దొర్లుకుంటూ పోయి ఆ కాలవలో తేలతాడు."

గడ్డం అబ్బాయి పైకప్పుకేసి చూడసాగాడు.

"పని నీదే, అనుమానం లేదు. నువ్వు వార్డుకి వాలు వెయ్యవు. కాబట్టి ఇది వార్డు కాదు" అంది ఆవిడ. "అయినా ఇన్నాళ్లూ నీ చొక్కా పులిసిన వాసన కొడుతుంటే ఆస్పత్రి అనుకున్నానా నేను?"

"తెలిసి ఎందుకు అడగలేదే?" అన్నాడు మట్టం బాబాయి.

"అడిగితే ఆపేస్తావు. రోజంతా మసకలో కూర్చునేదాన్ని. సాయంత్రం నువ్వొచ్చి కట్టే ఆ ఆస్పత్రి ఒక్కటే నాకు కాలక్షేపం. ఆ నర్సు పెళ్లి ఏమవుతుందో అని ఎదురు చూసేదాన్ని." కాలిన చెయ్యి చూపించింది. "మొన్న ఇది కాలాక మాత్రం భయం వేసిందయ్యా. ఇక ఎప్పటికీ చూపు రాదేమోనని."

మట్టం బాబాయికి ఏడుపు ఆగలేదు. గడ్డం అబ్బాయి దూది తెచ్చి ఇచ్చాడు. అదొక్కటే అతనికి తోచింది.

ఆ వారమే బావమరిది ఇద్దర్నీ పాత ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ మొగుణ్ణి చెడామడా తిట్టి, ఒక కన్నుకి ఆపరేషన్ చేసి, రెండోదానికి వచ్చే నెల రమ్మంది. కట్టు విప్పగానే ఆవిడ ముందు నేల చూసి, "నిజమే, ఘోరంగా ఉంది" అంది. తర్వాత మొగుణ్ణి చూసి, "ఇదేమిటయ్యా, ఇంత నెరిసిపోయావు?" అంది.

తిరిగి వస్తుంటే బస్సు ఆ స్టాపులో ఆగింది. కండక్టరు అరిచాడు, జనం దిగారు. ఆవిడ కిటికీలోంచి రేకుల గోడనీ, తుప్పు పట్టిన తాళాన్నీ, కదలని క్రేనునీ బస్సు ఆగినంతసేపూ చూసింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"పోనీలే. రెండో కన్ను నీ ఆస్పత్రిలోనే చేయించుకుంటాను. తెరిచేదాకా ఆగుతాను."

"నాలుగు నెలలు" అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఒళ్లో ఉన్న రసమట్టంలో బుడగ బస్సు కుదుపులకి అటూ ఇటూ పరుగెడుతోంది.

"వద్దే" అన్నాడు. "అదెప్పుడు తెరుస్తారో నాకు తెలియదు. అసలు తెరుస్తారో లేదో కూడా తెలియదు. రెండోది కూడా అక్కడే, వచ్చే నెలే."

ఆవిడ "ఊఁ" అంది.