జొన్నచేనులో అమ్మ గొంతు

ముందే చెప్పేస్తున్నాను, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినలేదు.

మొయినాబాద్‌లో నాది వీడియో ఎడిటింగ్ షాపు. జన్వాడ ఫాంహౌసుల్లో పుట్టినరోజులు, మోకిల ప్లాట్ల మీద డ్రోన్ తిరిగే ప్రకటనలు, ఇవే నాకు అన్నం పెడతాయి. వాటి వెనక ఏ మ్యూజిక్ వేసినా అడిగేవాళ్లుండరు. కానీ చేవెళ్ల దగ్గరి మా ఊరి చర్చి వార్షికోత్సవానికి వీడియో చేయమన్నప్పుడు పంతం పట్టాను. వెనక వినిపించేది అమ్మ పాటే కావాలి.

అమ్మ ఆ చర్చిలో ఆడవాళ్ల పాటల గుంపుకు పెద్ద. ఒకప్పుడు చర్చి సంఘం వాళ్లు ఆ పాటలు రికార్డు చేయించి ఇంటింటికీ సీడీలు పంచారు. ప్లేయర్లు మూలపడ్డాక సీడీలూ పోయాయి. అమ్మా పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు, నా ఫోన్‌లో కూడా. సంఘ పెద్ద, నాన్నకు అన్న అయిన మా పెద్దబాపు దగ్గర మాత్రం ఒక సీడీ మిగిలిందని తెలిసి తెమ్మన్నాను.

ఆయన పెన్‌డ్రైవ్ తెచ్చాడు. "అల్లుని కంప్యూటర్ల పెట్టి నేనే కాపీ కొట్టిన బిడ్డా," అని మీసం దువ్వాడు.

తెరిచి చూస్తే ఫైళ్ల వరుసంతా ఉంది, పాట ఒక్కటీ లేదు. పాటల సీడీని కంప్యూటర్‌లో పెడితే పైకి కనిపించేవి పాటలు కావు, పాట ఎక్కడుందో చెప్పే చిరునామాలు. వాటిని కాపీ కొడితే చిరునామాలే వస్తాయి. అసలు పాటను సాఫ్ట్‌వేర్‌తో వేవ్ ఫైలుగా బయటికి తీయాలి. దానికి సీడీ ఉండాలి.

"సీడీ ఏది పెద్దబాపూ?"

"కాపీ అయినంక దాంతోటి ఏం పని? పిట్టలు జొన్నలు ఖరాబు చేస్తున్నయని చేన్ల కట్టిన."

నాకు ఒళ్లు మండిపోయింది. షట్టర్ దించి, ఆయన్ని బండెక్కించుకుని చేవెళ్ల రోడ్డు పట్టాను. చేనులో కట్టెలకు దారాలతో కట్టిన పాత సీడీలు ఎండకు తళతళలాడుతున్నాయి. అమ్మ సీడీ మీద సంఘం పేరు అప్పుడే వెలిసిపోతోంది. దారం కోస్తుంటే పెద్దబాపు "పైలం బిడ్డా" అన్నాడు. ఇన్నాళ్లు గాలిలో ఊగినదానికి ఇప్పుడు జాగ్రత్తట!

షాపులో సబ్బు నీళ్లతో కడిగి, మెత్తని బట్టతో మధ్యలోంచి అంచుకు తుడిచాను. గుండ్రంగా రుద్దితే పడే గీత పాటను మింగేస్తుంది. డ్రైవ్ మూలిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. అమ్మ పోయాక ప్రార్థన మానేసినదాన్ని, ఆ పూట చేశాను. చివరికి అన్నీ వచ్చాయి. వీడియోకు సరిపడే శాంపిల్ రేటుకు మార్చి టైమ్‌లైన్ మీద పరిచి వింటున్నాను. రెండో పాట అయిపోయాక, రికార్డు చేసినవాళ్లు కోయడం మరిచినచోట, అమ్మ అరిచింది.

"ఏయ్ ఎనుక కూసున్నదానా, నోరు తెరువు! ఇంట్ల నా మీద మస్తు లేస్తది గొంతు, ఈడ లేవదా?"

ఆ వెనక కూర్చున్నది నేనే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సంఘం సెక్రటరీ వచ్చి విని మొహం చిట్లించాడు. "అక్కా, ఆ తిట్టు కట్ చెయ్. దగ్గులు, ఫ్యాన్ సౌండు, నాయిస్ మస్తున్నది. గవే పాటలు నెట్‌ల నీట్‌గ ఉన్నయి."

"నీట్‌గ పాడినోళ్లు మన చర్చి ఎన్నడన్న ఊడ్చిన్రా?"

"పెద్దమనుషులు వస్తరక్కా. ఏమనుకుంటరు?"

"అనుకోనీ. తిట్టు ఉంటది. వద్దంటే వేరేటోళ్లతోటి చేయించుకోండ్రి."

అతను పోయాక నాయిస్ తీసి చూశాను కూడా. ఫ్యాన్‌తో పాటు అమ్మ గొంతులోని జీర పోయింది. వెంటనే మళ్లీ మొదటిలాగే పెట్టేశాను. దగ్గితే దగ్గనీ, ఆ దగ్గినవాళ్లూ మావాళ్లే.

వార్షికోత్సవం రోజు అమ్మ తిట్టు స్పీకర్లలో ఖంగుమంది. సెక్రటరీ తల దించుకున్నాడు. అమ్మతో కలిసి పాడిన ఒక అవ్వ మాత్రం "అచ్చం గదే గొంతు!" అని పకపకా నవ్వింది. మూడో పాట మొదలైంది. ఎప్పటిలాగే నేను వెనక వరసలోనే ఉన్నాను. అమ్మ పోయాక చర్చిలో ఒక్క పాటా పాడలేదు.

నోరు తెరిచాను.