గాలి తిరగబడిన మధ్యాహ్నం

మొన్న విజయనగరంలో మా ఇంట్లో టీవీ పెడితే బంగాళాఖాతంలో తుపాను బొమ్మ చూపిస్తున్నారు, తెల్లగా, సుడి తిరుగుతూ. దాన్నే చూస్తూ కూర్చున్నానేమో, చేతిలో కాఫీ చల్లారిపోయింది.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి పల్లె మా అత్తవారిది. పెళ్లయిన ఏడాదే అక్కడి బడిలో సోషలు టీచరుగా చేరాను. భూమి తిరగడం వల్ల గాలి దారి మారుతుందంటే పిల్లలు నమ్మేవారు కాదు. అందుకని ఇంట్లోని తిరగలి బడికి పట్టించుకెళ్లి, దాన్ని ఎడమవైపుకు తిప్పిస్తూ పైన సుద్దముక్కతో తిన్నగా గీత గీసేదాన్ని. చెయ్యి తిన్నగానే పోయేది, గీత మాత్రం కుడికి వంగేది. తుపాను నడిమికి పోబోయే గాలి కూడా భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న మన వైపు అలాగే కుడికి ఒరిగి, దాని చుట్టూ గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుందనీ, అందుకే ఆ నడిమి భాగం మన మీదుగా పడమటికి దాటితే ముందు ఉత్తరం నుంచి కొట్టిన గాలి తరువాత దక్షిణం నుంచి కొడుతుందనీ గొంతు చించుకుని చెప్పేదాన్ని.

ఒక ఏడాది కార్తీకంలో తుపాను మా ఊరి మీదికే వచ్చింది. పొద్దుటి నుంచీ ఉత్తరపు గాలి. మామగారు ఎద్దుల జతను ఇంటికి దక్షిణాన గోడ చాటున కట్టారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది, ఎండ కూడా పొడచూపింది. తుపాను పోయిందనుకుని ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించారు. మా మీదున్నది తుపాను నడిమి భాగమేనని నాకు తెలుసు; ఎద్దుల్ని ఇంటికి ఉత్తరపు పక్కకు మార్చమని చెప్పాలి. గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. కోడలు మామగారికి ఎదురుపడి ఇలా చెయ్యండని చెప్పడమా? ఆ రోజులు మీకు తెలియనివి కావు.

అరగంటలో దక్షిణపు గాలి విరుచుకుపడింది. పెరటి చివరి కొబ్బరిచెట్టు కూలి గోడ వైపు పడింది. ఒక ఎద్దు దాని కింద పోయింది.

మర్నాడు అత్తగారి దగ్గర, నాకు ముందే తెలుసునని ఏడ్చేశాను. ఆవిడ ఆయనకు చెప్పేసింది. తిడతారనుకున్నాను. మామగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "నీకు ఎరికే గదమ్మా. మరి సెప్పలేదేటి?" అన్నారు, అంతే.

ఇప్పుడు గాలి ఎటు తిరుగుతుందో ఫోన్లే చెబుతున్నాయి. మా కోడలు నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, మీరు చెప్పింది తప్పు అత్తయ్యా అని మొహం మీదే అనేస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది, దాచుకోను కూడా. కాని అది అలా అన్నప్పుడల్లా, ఆ మధ్యాహ్నం ఆ గుమ్మంలో నాకు బదులు అదే ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.