రామాంజులు బొటనవేలు, బయమ్మ ఆట

ఫోను బయమ్మ చేతికిస్తారు. ఆమె బొటనవేలితో ‘స్టార్ట్’ నొక్కుతుంది. వెంటనే లాక్కుంటారు. కంబదూరు దగ్గరి ఒక ఊళ్లో చాలాకాలంగా సాగుతున్న తంతు ఇది. నొక్కేది బయమ్మ, ఆడేది మగపిల్లలు. గెలిస్తే గొప్ప వాళ్లది. ఓడితే మాత్రం “పొద్దున్నే ఎవరి మొగం చూసి వచ్చినావు మే?” అని అక్షింతలు ఆమెకు. బయమ్మ పల్లెత్తు మాట అనేది కాదు.

ఆమే ఎందుకు నొక్కాలంటే, ఆమె చెయ్యి మంచిదట. ఆ పేరు వారసత్వంగా వచ్చింది. వాళ్ల అవ్వ పేరు కూడా బయమ్మే. తొలకరికి ఊళ్లో ఎవరు శనక్కాయ వేసినా, గొర్రు వెనక నడుస్తూ తొలి సాలులో విత్తనం జారవిడవడానికి ఆ అవ్వనే పిలిచేవారు. ఆమె విడిచిన సాలులో మొలకలు దువ్వెన పళ్లలా లేచేవి. అవ్వ హస్తవాసి అలాంటిది అన్నారందరూ. గుప్పిట ఎంత సడలించాలో, అడుగు ఎంత వేగంగా వేయాలో ఆమె నేర్చుకుందని ఒక్కరూ అనలేదు. పని వచ్చు అంటే కూలి పెంచాలి. చెయ్యి మంచిది అంటే ఆకువక్కతో సరిపోతుంది.

మనవరాలి కాలానికి గొర్రు పోయి ట్రాక్టరు వచ్చింది. దాని వెనకే తుపాకుల ఆట వచ్చింది. ఆడనివాళ్ల కోసం చెప్తున్నాను. వందమంది విమానంలోంచి ఒక దీవిలోకి దూకుతారు. కనబడిన ఇంట్లో దూరి, దొరికిన తుపాకి తీసుకుంటారు. చుట్టూ గీత గీసినట్టు ఒక గిరి ఉంటుంది, అది కుంచించుకుంటూ వస్తుంది. గిరి బయట చిక్కినవాడు చస్తాడు. అందరూ పోయాక మిగిలినవాడిదే గెలుపు. ఏ ఇంట్లో ఏం దొరుకుతుందో, గిరి ఎటు జరుగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. అచ్చం మన ఆకాశం లాంటి ఆట. ఆకాశం చూసి విత్తే సీమ పిల్లలకు ఇది ఇట్టే పట్టుబడిందంటే ఆశ్చర్యమేముంది?

బయమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఊళ్లో జట్టుకు నాయకుడు ఆమె పిన్నమ్మ కొడుకు విష్ణువర్ధన్. ఓబిలేష్, ఉదయ్ కుమార్ అతని జతగాళ్లు. ముగ్గురికీ చేన్లున్నాయి, చేన్లలో మోటర్లున్నాయి. మోటరుకు కరెంటు ఎప్పుడొస్తుందో కరెంటు వాళ్లకే తెలియదు. ఆట మధ్యలో కరెంటొస్తే, మడి పారగట్టడానికి ఎవడో ఒకడు ఫోను బయమ్మ మీదికి విసిరి పరిగెత్తేవాడు. వాడు తిరిగొచ్చేసరికి ఆమె ఆట గెలిచి కూర్చునేది.

“నీ లక్కే లక్కు మే!” అనేవాడు విష్ణు.

గెలిస్తే ఉదయ్ కుమార్‌ది గురి. అదే గెలుపు బయమ్మది అయితే నుదుటి గీత.

దసరాకు కంబదూరులో పోటీ పెడుతున్నారని తెలిసింది. జట్టుకు నలుగురు. ముగ్గురు ఖాయం. నాలుగో చోటుకు విష్ణు రాప్తాడు నుంచి తన బావమరిది చంద్రమోహన్‌ను పిలిపించాడు. చంద్రమోహన్‌కు కొత్త ఫోను ఉంది. ఆట మొదలవగానే చచ్చిపోయే అలవాటు కూడా ఉంది.

పాల కేంద్రం అరుగు మీద అందరూ ఉండగా బయమ్మ అడిగింది.

“అన్నా, నాలుగోదాన్ని నేనే కదా?”

“నువ్వు ల్యాకుంటే ఎట్ల మే? స్టార్టు నొక్కేకి నువ్వు రావల్ల.”

“నొక్కేకి కాదు. ఆడేకి.”

ఓబిలేష్ పకపకా నవ్వాడు. “దేవున్ని పల్లకీలో కూర్చోబెడతారు గానీ, పల్లకీ మోయమంటారా మే?”

“ఇన్నాళ్లూ మోసిందెవరప్పా, కూర్చున్నదెవరు?”

చంద్రమోహన్ తన ఫోను తిప్పి చూపించాడు. “ఇట్లాంటిది ఉండాదా నీ దగ్గర?”

“ల్యా. అంత మంచి ఫోను పెట్టుకొని అంత బిరీన చచ్చేది కూడా నాకు చేతకాదు.”

ఉదయ్ కుమార్ దగ్గు నటించి నవ్వు దాచుకున్నాడు. విష్ణు గొంతు సవరించుకున్నాడు. “చూడు పాపా, నీది లక్కు. లక్కు పక్కన ఉంటే చాలు, ఆటలో అక్కరల్యా.”

సరిగ్గా అప్పుడే రామాంజులు పాల క్యాను పట్టుకొని వచ్చాడు. ఉదయ్ కుమార్ గబుక్కున ఫోను బోర్లించాడు. ఓబిలేష్ ఇంకో పక్కకు చూశాడు. రామాంజులు ఒకప్పుడు అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేన్లలో నడిచేవాడు. టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్లున్నాయని చూపించేవాడు. ఆయన చూపిన ప్రతి బోరూ దుమ్మే ఎగజిమ్మింది. భూమిలో నీళ్లెప్పుడో అడుగంటాయి, ఎవరు చూపినా దుమ్మే వచ్చేది. ఆ మాట ఎవరికీ పట్టలేదు. ఆయన ఎదురొస్తే ఆగి, నీళ్లు తాగి బయల్దేరడం ఊరికి అలవాటైపోయింది.

బయమ్మ కళ్లు మెరిశాయి.

“మామా, నీ బొటనవేలు ఒకసారి ఇస్తావా?”

“వేలిముద్రా? నాకు సంతకం వస్తాది పాపా.”

“సంతకం వద్దు. ఈడ నొక్కు చాలు.” తర్వాత విష్ణు వైపు తిరిగింది. “మామతో నొక్కించుకొని ఒంటిగా ఆడతా. గెలిస్తే నాలుగో చోటు నాది. ఓడితే మళ్లీ అడగను.”

విష్ణు ఆలోచించనైనా లేదు. “సరే! అందరూ విన్నారు కదా?” రామాంజులు వేలు పడ్డాక గెలుపెక్కడిది!

రామాంజులు పంచెకు వేలు తుడుచుకొని, విష్ణు ఇచ్చిన ఫోనులో భయంభయంగా నొక్కాడు.

బయమ్మ దూకిన ఇంట్లో తుపాకి లేదు. గాయాలకు కట్టుకునే రెండు కట్లు, ఒక పొగబాంబు. అంతే. “చూసినారా, మామ చెయ్యి!” అని ఓబిలేష్ తొడ చరిచాడు. రామాంజులు తల దించుకున్నాడు. బయమ్మ మాత్రం కిటికీ కింద కూర్చొని, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని అడుగుల చప్పుడు వింటోంది. బయట ఇద్దరు కాల్చుకున్నారు. పడినవాడి తుపాకి తీసుకుంది, నిలబడినవాణ్ణి పడగొట్టింది. గిరి ఆమెకు దూరంగా జరిగింది. మధ్యలో చెట్టూ చేమా లేని మైదానం. పొగబాంబు అక్కడ పనికొచ్చింది. చివరికి ముగ్గురు మిగిలారు. మిగతా ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటుంటే గడ్డిలో పడుకొని ఓపిక పట్టింది. ఒకడు పడ్డాక రెండోవాడు కట్టు కట్టుకోవడానికి కూర్చున్నాడు. బయమ్మ ఒక్కసారే కాల్చింది.

ఫోనులో గెలుపు గుర్తు వెలిగింది.

“వాళ్లిద్దరూ కొట్టుకోవడం లక్కే కదా మే?” అన్నాడు విష్ణు.

“లక్కు ల్యాదని నేనెప్పుడన్నా? గాలి వచ్చేది లక్కే. గాలి ఎటు వస్తాందో చూసి చేట పట్టుకొని నిలబడేది కూడా లక్కేనా? గాలొచ్చినప్పుడు ఇంట్లో పండుకున్నోళ్లకు గింజలెందుకు రాలల్యా?”

తూర్పారబట్టడం తెలిసిన ఊరు. మాట అందరికీ తగిలింది. ఉదయ్ కుమార్ మాత్రం తన ఫోను చొక్కాకు తుడిచి, వినయంగా ముందుకు చాచాడు. బయమ్మ వైపు కాదు.

“మామా, నాదాంట్లో గూడా ఒకసారి నొక్కుతావా?”

“అవునప్పా!” విష్ణుకు ప్రాణం లేచొచ్చింది. “మామ చెయ్యి తిరిగినట్టుండాది! మామను పిల్చుకపోదాం. నాలుగోది చంద్రమోహనే.”

రామాంజులు తన బొటనవేలిని కొత్తగా చూసుకున్నాడు. ఊరి బోర్లన్నీ ఎండబెట్టిందని పేరుపడిన వేలు! ఆయన ముఖంలోకి ఎన్నడూ లేని కొంటెతనం వచ్చింది.

“నొక్కుతా. ఆ పాప ఆడితేనే నొక్కుతా. మాట తప్పితే మాత్రం, ఇదే వేలు మీ చేన్ల పక్క చూపిస్తా. మోటర్లు జాగర్త!”

బయమ్మకు చోటు దొరికింది. ఆట చూసి కాదు, బోర్ల భయం చూసి. ఆమె కూడా పడీపడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వుతోపాటు మంట కూడా వచ్చింది.

కంబదూరు పోటీలో, చివరి ఆటలో ముందు ఓబిలేష్ పడ్డాడు. తర్వాత ఉదయ్ కుమార్, ఆపై విష్ణు. ఎదుటి జట్టులో ఇద్దరు మిగిలారు, ఇటు బయమ్మ ఒక్కతే. కప్పు ఊరికొచ్చింది.

ఆ వారంలోనే బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. నల్ల కళ్లద్దాలతో విష్ణు, పక్కన ఓబిలేష్, ఉదయ్ కుమార్. పోటీలో బయమ్మ ఆడేందుకు ఫోను ఇచ్చినందుకు చంద్రమోహన్. నడుమ అందరికన్నా పెద్దగా, చేతులు జోడించి, రామాంజులు. పైన ‘మా అదృష్ట హస్తం’ అని అక్షరాలు. బయమ్మ కూడా ఉంది. అట్టడుగున, ‘శుభాకాంక్షలతో’ అన్న వరుసలో, పాల కేంద్రం పేరు పక్కన.

రామాంజులే పోయి విష్ణును పట్టుకున్నాడు. “నా ఫోటో తీసేయప్పా. సిగ్గయితాండాది. ఆ పాపది పెట్టు.”

“ఎవరడుగుతాండారు మామా? ఎవరన్నా అడిగితే అప్పుడు మారుస్తాంలే.”

ఆ మాట రామాంజులే నాకు చెప్పాడు. కాబట్టి అడుగుదాం. కంబదూరు బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు కోసం నిలబడేవాళ్లూ, ఫ్లెక్సీ కింద విష్ణు ఫోను నంబరు ఉంది. కప్పు గెలిచినామె పైకి ఎప్పుడొస్తుందని ఒక్క మాట అడగండి. బస్సు ఎలాగూ ఆలస్యమే. శింగనమలలోనూ పోటీ పెడతారంటున్నారు. మీ ఇంట్లో ఆడే పిల్ల ఉంటే, పేర్లు రాసుకునే చోటికి ఆమెను మీరే తీసుకుపోండి, ఆమె పేరు రాసేదాకా అక్కడినుంచి కదలకండి.