మా ఆయన మళ్లీ బంతి పట్టడం

మా ఆయన బాస్కెట్‌బాల్ మానేసిన రోజు మిషన్ స్కూల్లో సన్మానం చేశారు. శాలువా కప్పారు, దండ వేశారు, పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడి, ఆ ఆట మీదే కరెంటు ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. ఇక ఆడనని మైకులో చెప్పి ఏడ్చాడు. నేను మాత్రం లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. కుడి మోకాలు ఇంకోసారి దెబ్బ తింటే కర్ర పట్టుకుని నడవాల్సిందేనని డాక్టరు నా ఎదుటే చెప్పాడు మరి.

మొన్న వేసవి మొదట్లో స్కూలు పాత విద్యార్థులు హాస్టలు పిల్లలతో మ్యాచి పెట్టుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఆ సంగతి ప్రకటించి, మా ఆయన వైపు చూసి నవ్వారు. అంతే, ఊళ్లో ఇక వేరే మాట లేదు. ఆయన దిగాలా వద్దా అని టీ కొట్టు దగ్గర వాదులాటలు. బంతి గుండ్రంగా ఉంటుందన్న సంగతి తప్ప ఆ ఆట గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా తీర్పులు చెప్పారు.

"సింహం ముసల్దైనా సింహమేరా," అన్నాడు ఎరువుల కొట్టాయన.

"ఇప్పుడు దిగితే ఉన్న పరువు పోద్ది," అన్నాడు ఇంకొకాయన.

మోకాలి మాట ఎవరూ ఎత్తలేదు. అది వాళ్లది కాదు కదా.

"నాకేం సరదా లేదే. మరీ బతిమాలితే చూద్దాం," అనేవాడు మా ఆయన. బతిమాలేవాళ్లు ఎక్కడ తిరిగి వెళ్లిపోతారోనని సాయంత్రాలు వీధి అరుగు మీదే కూర్చునేవాడు. పాత బూట్లు అప్పటికే ఉతికి గోడ మీద ఆరేశాడు.

"మీ మోకాలికి చెప్పారా ఈ సంగతి?" అని అడిగాను.

"ఆట గురించి నీకేం తెలుసే?"

"ఆట తెలీదండీ. నూనె కాచి రుద్దేది నేను, అది తెలుసు."

ఈలోపు వాన పడి, కళ్లంలో ఆరబోసిన మా ఆఖరి కోత మిరపకాయలు తడిశాయి. నేల ఆరేదాకా ఆగితే బూజు పడతాయి. మా వైపు ఖాళీ గచ్చు కనిపిస్తే చాలు, అది చర్చి వాకిలైనా సరే, కాయలు పోసేస్తాం. ఊళ్లో పెద్ద గచ్చు స్కూలు బాస్కెట్‌బాల్ కోర్టే. మా ఆయనే హెడ్మాస్టరు గారిని అడిగి కాయలన్నీ అక్కడ పోయించాడు. మ్యాచి రోజు మధ్యాహ్నం ఎత్తించి, ఊడ్పించి, అద్దంలా ఉందన్నాడు. నీళ్లు కొట్టించమన్నాను.

"తడిస్తే కాలు జారుద్దే," అన్నాడు. మొత్తానికి కాలు గుర్తొచ్చింది.

ఆట మొదలైంది. బంతి నేలకు తగిలినప్పుడల్లా గచ్చు పగుళ్లలోంచి కారం లేచింది. ముందు పిల్లలు తుమ్మారు, తర్వాత ముందు వరుసలో అతిథులు, చివరికి పాస్టరు గారు మైకులోనే తుమ్మారు. మా ఆయన మాత్రం బంతి వదల్లేదు. వదిలితే మళ్లీ ఎవరిస్తారు? చెమట పట్టిన మొహాన్ని అదే చేత్తో తుడుచుకున్నాడు. కళ్లు మూసుకుపోయాయి. ఆ మంటలోనే ఎగిరి బంతి విసిరి, కుడి మోకాలి మీద పడ్డాడు. జనం ఒకటే కేక. అది దేనికో ఆయనకు తెలియలేదు. కారిపోతున్న కన్నీళ్లు చూసి, అదంతా ఆట మీద ప్రేమేనని పాస్టరు గారు మైకులో చెప్పారు. చప్పట్లు ఆగలేదు.

ఇంటికి తెచ్చి, పాలలో ముంచిన గుడ్డ కళ్ల మీద వేశాను. మోకాలు అప్పటికే వాచింది.

"బంతి పడిందా?" అన్నాడు.

నేను చూశాను. పడిందంటే, ఇంకా ఆడగలనని దిగుతాడు. పడలేదంటే, వేసి చూపిస్తానని దిగుతాడు.

"నా కళ్లలోనూ కారం పడిందండీ. చూడలేదు."

ఆయన గుడ్డ తీసి పక్కన పెట్టి, కాయలు తిరగేసే కర్ర గోడకు ఆనించి ఉంటే అది అందుకుని, బంతి పడిందో లేదో పాస్టరు గారిని అడిగి రావడానికి కుంటుకుంటూ వీధిలోకి వెళ్లాడు.