ఆ తల్లి ఎందుకు పాడదు

సీరియల్ అయిపోయి ఏళ్లు దాటినా దాన్ని వదలని వాళ్లం ఇంకా చాలామందిమి ఉన్నాం. ఆ పాత్రలతోనే సొంతంగా కథలు రాసుకుని ఫోన్లో ఒక గ్రూపులో పెట్టుకుంటాం. దీన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. మా ఇంట్లో మాత్రం పనిలేని పని అంటారు. సీరియల్లోని మనుషులు మా అందరి సొత్తు. కానీ మాలో ఒకరు కొత్తగా పుట్టించిన మనిషిని ఇంకొకరు వాడుకోవాలంటే ముందు అడగాలి. సరే అంటే ఆ సంగతి కథ పైన రాయాలి. వద్దంటే, ఎందుకని అడక్కుండా ఊరుకోవాలి.

సీరియల్లో హీరో తల్లి అంటే గోడ మీద దండ వేసిన ఫోటో, అంతే. లాలాగూడలో ఉండే ఒక రిటైరైన టీచర్ గారు ఆ ఫోటోకి ప్రాణం పోసింది. చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లెక్కడం, మాట తోచకపోతే కొంగు అంచు పళ్ల మధ్య పెట్టుకోవడం, నవ్వొస్తే గోడవైపు తిరగడం. చదువుతుంటే ఈవిడ సంగతి సీరియల్ తీసినవాళ్లకే తెలియదు కదా అనిపించేది.

ఆ తల్లితో నేనొక కథ రాశాను. కొడుకు ఒక అబద్ధం తయారు చేసుకుని ఇంటికొస్తాడు. గుమ్మం బయట చెప్పులు విప్పుతుంటే, లోపల బియ్యం ఏరుకుంటూ తల్లి పాడే పాట వినిపిస్తుంది. పాట అయ్యేసరికి అబద్ధం నోట రాదు. నేను రాసిన వాటిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. ఆదివారం పెడతానని గ్రూపులో చెప్పేశాను కూడా. టీచర్ గారిని ఇంకా అడగలేదు, మర్చిపోయి కాదు. అంతా రాసేశాక అడిగితే కాదనడానికి ఉండదు కదా అన్నది నా తెలివి.

చీరల కొట్లో బల్ల వెనక పెరిగినదాన్ని. జానెడు కావాలంటే మూరెడు అడగాలని చిన్నప్పుడే వంటబట్టింది. అందుకే గురువారం ఇలా మెసేజ్ పెట్టాను: తల్లికి రెండో పెళ్లి చేస్తాను, ముంబై పంపిస్తాను, అక్కడ చీరల వ్యాపారం పెట్టిస్తాను, అనుమతి ఇవ్వండి. ఆవిడ కంగారుపడి వద్దు వద్దంటుంది, నేను దిగి దిగి పాట దగ్గర ఆగుతాను, ఇదీ నా లెక్క. నిమిషంలో జవాబు వచ్చింది. "అలాగేనమ్మా. ఆవిడకీ ఊరు మారితే బాగుంటుంది. రేపు టీకి రా."

బేరమే ఆడని మనిషితో ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు.

మర్నాడు లాలాగూడ వెళ్లాను. టీతో పాటు రస్కులు పెట్టి, "పెళ్లికొడుకు ఏం చేస్తుంటాడమ్మా?" అని నిజంగానే అడిగింది.

"పెళ్లి లేదు మేడం. ముంబై సుత లేదు. బేరానికి చెప్పిన."

"ఓసి పిచ్చిపిల్లా! మరేం కావాలి?"

"ఆమెతోని ఒక్క పాట పాడిస్త. గంతే."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "అదొక్కటే నేను ఇవ్వలేనమ్మా. నాది కాదు."

అప్పుడు చెప్పింది. ఆ నడక, ఆ నవ్వు ఆవిడ స్కూల్లో పనిచేసిన ఆయమ్మవట. మొదటి కథ రాయకముందే టీచర్ గారు బోయిగూడలో ఆమె ఇంటికి వెళ్లి, "నువ్వు నడిచేది, నవ్వేది రాసుకోనా?" అని అడిగిందట. ఆయమ్మ అన్నిటికీ ఒప్పుకుని, పాడేది మాత్రం రాయొద్దందట. అప్పటినుంచి ఇన్ని కథల్లో ఆ తల్లి ఒక్కసారి కూడా పాడలేదు. ఆ మౌనం మీ శైలి అంటూ కింద మెచ్చుకోళ్లు రాసిన మేధావిని నేనే.

"ఎందుకు వద్దన్నది?"

"అడగలేదు."

"ఇన్నేళ్లలో ఒక్కసారి సుత?"

"వద్దన్నాక అడక్కూడదు కదమ్మా."

టీలో ముంచిన రస్కు నా చేతిలోనే మెత్తబడిపోయింది. పక్క చీరల కొట్లో బొమ్మకి కట్టిన కట్టు సాయంత్రానికల్లా మా కొట్లో బొమ్మకీ ఉండేది. నాన్న దాన్ని చురుకుదనం అనేవాడు. నేనూ అలాగే పెరిగాను. ఈవిడేమో ఒక మనిషి నవ్వును రాసుకోవడానికి గుమ్మం దాకా వెళ్లి అడిగింది. అయినా నా నోరు ఊరుకోలేదు.

"పాట కాదు మేడం, జెర కూనిరాగం? పెదవులు కదిలితే చాలు."

ఆవిడ పకపకా నవ్వింది. "నాతో బేరమేంటమ్మా? వెళ్లి ఆవిణ్ణే అడుగు."

శనివారం పొద్దున బోయిగూడ వెళ్లాను. ఆయమ్మ గడపలో కూర్చుని పుంటికూర ఆకులు తెంపుతోంది. టీచర్ గారి పేరు చెప్పగానే నవ్వొచ్చి గోడవైపు తిరిగింది. ఏళ్లుగా చదువుతున్న మనిషి కూర కట్టతో నా ఎదురుగా కూర్చుని ఉంది.

"నువ్వు సుత రాస్తవా బిడ్డా? నా గురించేనా?"

"నీ లెక్కనే ఉండే ఒకామె గురించి అమ్మా."

"మంచిగున్నదా ఆమె?"

"మస్తు మంచిగున్నది. అందరికీ ఇష్టం."

దారిలో నాలుగు రకాల బేరాలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ నోట రాలేదు. "ఆమె పాడుతున్నట్టు రాసిన. ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అన్నాను. నాకు కావాల్సింది ఎంతో అంతే అడగడం నా జీవితంలో అదే మొదలు.

ఆమె కొంగు అంచు పళ్ల మధ్య పెట్టుకుని, రెండు మూడు ఆకులు తెంపింది.

"తీసెయ్ బిడ్డా."

"సరేనమ్మా."

"గంతేనా? ఎందుకని అడగవా?"

"అడగను."

"టీచరమ్మ సుత గిట్లనే అడగకుంట పోయింది. కూసో, చాయ్ తాగి పో."

ఆదివారం పాట తీసేశాను. అది లేకపోతే కొడుకును ఆపేది ఏదీ లేదు. మూడుసార్లు తిరగరాసినా వాడు నేరుగా లోపలికి వెళ్లి అబద్ధం చెప్పేస్తున్నాడు. తల్లి నమ్మినట్టే తలూపి, వాడికి అన్నం పెడుతోంది. చివరికి అలాగే గ్రూపులో పెట్టేశాను. కథ పైన రాశాను: తల్లి టీచర్ గారిది, ఆమె నడకా నవ్వూ ఇంకొకావిడవి, ఇద్దరినీ అడిగాను. మొదటిదాని కన్నా ఇది బాగుందో లేదో తెలియదు. పాట ఉన్న కాగితాలు మాత్రం ఎవరికీ చూపించలేదు.